నీరిల్లు చూడబోయిన ఆదివారం

మొన్న మా మనవరాలు కొత్త కారులో నన్ను రాయదుర్గం పక్కకు తిప్పుకొస్తానని బయలుదేరదీసింది. దారి చెప్పేది ఫోనులోని ఒక ఆడగొంతు. ఆ గొంతు ఉండుండి "ముందు" అన్నప్పుడల్లా నేను కాళ్ళ దగ్గర నీళ్ళ సీసా ఉందా లేదా అని తడుముకుంటూ ఉంటే పిల్ల నవ్వింది. నా ఈడువాళ్ళు నవ్వరని తెలుసు గనక మీకు చెప్పుకుంటున్నాను.

డెబ్బైల చివర, నేను బడిపంతులుగా కొత్తగా చేరిన రోజులు. ఎండాకాలం సెలవుల్లో ఒక శనివారం మా అక్క మొగుడు, అంటే మా బావ, తాను గుమస్తాగా ఉండే పట్టు షావుకారును బతిమాలి అంబాసిడరు కారు తెచ్చినాడు. కొండలూ కోటలూ చిన్న చిన్న ఊళ్ళూ చూసుకుంటూ పోయి ఆదివారం సాయంత్రానికి ధర్మవరం తిరిగి చేరాలని మా నలుగురి ఆలోచన. అసలు ప్రయాణం మాత్రం అక్కా బావా నేనూ కలిసి మా నాయన కోసం పెట్టుకున్నది. మీసాలు రాకముందు నుంచీ గుంత మగ్గంలో కాళ్ళు వేలాడేసి పట్టుచీరలు నేసిన మనిషి; ఆయన ఈడువాళ్ళు కాశీకి పోవాలంటూ ఉంటే, ఆయన అవతలి గట్టు కనిపించనన్ని నీళ్ళు ఒక్కసారి చూడాలనేవాడు. గుమ్మఘట్ట అవతల కొండల నడుమ ప్రాజెక్టు ఉందని బావ ఎవరి దగ్గరో విని వచ్చినాడు.

ఈ ప్రయాణం గురించి బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినానో. చిరుతపులి రోడ్డుకు అడ్డం పడుకుందనీ, కారును నేనొక్కడినే కొండ మీదికి తోసినాననీ. పులి అబద్ధం. బెళుగుప్ప దాటినాక రోడ్డు మీద పడుకున్నది గొర్రెల కుక్క. హారను మోగించినా లేవలేదు, తల మాత్రం ఎత్తి చూసింది. పులినైతే మరిచిపోయి ఉండేవాణ్ణి. బత్తలపల్లెలో టీ తాగుతూ బావను ఆటపట్టించిన అక్క, ఆ కుక్కను చూసినప్పటి నుంచి మాట తగ్గించింది. ఆ పైన వచ్చిన ఊళ్ళలో వాకిళ్ళకు తాళాలు కూడా లేవు, ముళ్ళకంప అడ్డం వేసి జనం పశువులతో సహా ఎటో పోయినారు.

రాత్రి రాయదుర్గంలో చుట్టాలింట పడుకొని, మరునాడు పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు గుమ్మఘట్ట దాటినాము. ఒక మిట్ట ఎక్కేముందు, గుడిసె నీడలో ఒక అవ్వ కూర్చుని ఉంటే దారి అడుగుదామని బావ కారు ఆపినాడు. ఆమె వెనక సీటులోకి తొంగిచూసింది.

"ఈ ఎండలో పెద్దాయన్ని యాడికి తీసుకపోతాండారప్పా?"

"ప్రాజెక్టు కాడికవ్వా."

ఆమె మిట్ట వైపు చెయ్యి ఊపి, "ముందె నీరిల్ల" అనింది.

బావ ముఖం వెలిగిపోయింది. "విన్యావా మామా, ముందర నీరిల్లంట. పంపుల ఇల్లు. వచ్చేసినాం" అని గేరు మార్చినాడు. ఇల్ల అంటే లేదని ధర్మవరంలో పసిబిడ్డకైనా తెలుసు. కానీ అంతవరకూ తెలుగు మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాట కన్నడంలో అనింది, మేమేమో నీళ్ళ కోసం బయలుదేరినవాళ్ళం. మాకు ఇల్లే వినిపించింది.

మిట్ట మీదికి చేరేసరికి ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. కింద ప్రాజెక్టు. కంటికానినంత దూరం పగుళ్ళు వారిన ఒండ్రు, నడుమ బోర్లాపడిన, చేపలు పట్టేవాళ్ళ పుట్టి ఒకటి. మేము ముగ్గురం కారు దిగినాము. నాయన మాత్రం కిటికీలోంచి చూసి మెల్లగా నవ్వినాడు.

"అబ్బ, ఎన్ని నీళ్ళప్పా. అల చూడండి, అల."

అక్క ఆయన నుదురు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఆ ఎండాకాలం వడదెబ్బకు మా మగ్గాల వీధిలోనే మనుషులు పోయినారు. మా దగ్గర ఉన్నది ఒక్క కూజా, అందులో సగం నీళ్ళు. బావ చెయ్యి దాని మీదికి పోయింది. ఇంజనుకు పోస్తే రాయదుర్గం ఆసుపత్రి చేరొచ్చని ఆయన లెక్క, అదీ తప్పు కాదు. అక్క కూజా లాక్కొని, "నాయన ఆడిదాకా ఉండద్దా?" అని తువ్వాలు తడిపి ఆయన తలకు చుట్టి, మిగిలిన నీళ్ళు నోట్లో పోసింది. ఇక కారు తోసిన సంగతి: నేనూ బావా కలిసి దాన్ని మిట్ట మీద వెనక్కి తిప్పినాము, అంతే. తరువాత ఇంజను లేకుండానే అది వాలులో గుడిసె దాకా దొర్లింది. ఆ దొర్లేటప్పుడు చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, నాయన ఊపిరి వినిపిస్తుందా అని అందరం వింటున్నాము.

అవ్వ లేచి వచ్చింది. "ఇల్ల అంటిని కదప్పా. చెవులు ఊర్లో పెట్టి వస్తిరా?" అంటూనే చెలమ నుంచి తెచ్చుకున్న బిందె ఎత్తుకొచ్చి, నాయనకు తాగించి, ఒళ్ళంతా తడిపి, మిగిలింది ఇంజనుకు పోయమనింది. బిందె ఖాళీ అయింది. ఆ పూట ఆమె ఏం తాగిందో మేము అడగలేదు.

నాయన బతికినాడు. బతికి, చాలా ఏళ్ళు మగ్గాల వీధిలో ఆ నీళ్ళను వర్ణించినాడు. అల ఎంతెత్తు లేచిందో చేత్తో చూపించేవాడు, ఏటేటా చెయ్యి పైకి పోయేది. ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క లేచి లోపలికి పోయేది. నా కోతలు ఎవరి పోలికో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

మొన్న అదే మిట్ట కింద మనవరాలిని కారు ఆపమన్నాను. గుడిసె లేదు, అది ఉన్న గుర్తూ లేదు. రోడ్డు నున్నగా ఉంది, కారులో చల్లగా ఉంది, లోపల ఎవరున్నారో తొంగిచూసి పలకరించేవాళ్ళు మాత్రం ఎవరూ కనిపించలేదు. పైకి పోయినాక ఫోనులోని గొంతు గమ్యం చేరుకున్నారని చెప్పి ఊరుకుంది. ముందర ఏమి లేదో అది చెప్పలేదు.

నేను దిగి కిందికి చూసినాను. మధ్యాహ్నపు ఎండలో ఒండ్రు మీద ఏదో కదిలింది, మెరిసింది. చాలా నీళ్ళున్నాయే అన్నాను.

మనవరాలు నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.