మా అత్తమ్మకు ఆసక్తి లేదట!

ఈ రోజు పొద్దున వికారాబాద్‌లోని మా ఇంటికి ఒక చరిత్ర లెక్చరర్ వచ్చారు. మొదటి ఎన్నికల కాలంలో మా అత్తమ్మవాళ్ళు ఉన్న పూడూరు వైపు ఆడవాళ్ళ గురించి పుస్తకం రాస్తున్నారట. తాను తెచ్చిన పాత ఓటర్ల జాబితా నకలు చూపించారు. అందులో మా మామగారి పేరు కింద "నర్సింలు భార్య" అని రాసి, కొట్టేసి ఉంది.

"సొంత పేరు చెప్పని ఆడవాళ్ళను తీసేశారమ్మా. వాళ్ళకు ఓటు మీద ఆసక్తి లేదని రాసుకున్నాను" అన్నారాయన.

మంచం మీద కూర్చున్న మా అత్తమ్మ, తొంభై దాటిన మనిషి, గయ్యిమన్నది.

"ఎవడన్నడు సారూ? పేర్లు రాసేటాయన వస్తే మా అత్త నన్ను నోరు తెరవనియ్యలే. ఓట్లనాడు కొత్త చీర కట్టుకొని పోయిన. పేరు లేదని వాపస్ పంపిండ్రు!"

"నిజమే కావచ్చు పెద్దమ్మా, కానీ దానికి కాగితం ఉండాలి కదా."

కాగితమే కావాలంటే అదెంత పని? అత్తమ్మ చెప్పింది చెప్పినట్టు రెండు ప్రతులు రాశాను. చదివి వినిపించి, తేదీ వేసి, ఆమె వేలిముద్ర వేయించాను. ఒకటి ఆయనకిచ్చి, ముట్టినట్టు రెండోదాని మీద ఆయన సంతకం తీసుకున్నాను. 'ఆసక్తి లేదు' అన్న వాక్యాన్ని నా ముందే కొట్టేసేదాకా టీ పెట్టలేదు.

మీ ఇళ్ళలోనూ ఇట్లా పేరు లేకుండా పోయిన ఆడవాళ్ళుంటే, వాళ్ళ పేర్లు కింద రాయండి. మొదటిది నేనే రాస్తున్నాను: అనంతమ్మ.