అయస్కాంతపు నీళ్లు, చలిజ్వరం

ఎవరైనా ‘క్వాంటం’ అనగానే, అడగవలసింది మరిచిపోయి తల ఎందుకు ఊపుతారు మీరు?

మొన్న నా ఈడు మిత్రుడొకరు ఫోనుకు వీడియో పంపారు. విశ్వమంతా చైతన్యమేనని క్వాంటం సైన్సే తేల్చిందట, కనుక రోగాలు ఆలోచనతోనే నయమవుతాయట. అది చూస్తుంటే ఎనభైల్లో, ములకలపల్లి దగ్గర అడవి అంచున ఉన్న మా అన్న ఇల్లు గుర్తుకొచ్చింది.

ఆ ఏడు వానలు తగ్గగానే ఏడో నెల కడుపుతో ఉన్న మా వదినకు మలేరియా పట్టుకుంది. దాని తీరు మన వైపు వాళ్లకు తెలిసిందే, ఒకరోజు గడగడ వణికించి, మర్నాడు ఏమీ ఎరగనట్టు విడిచి, ఆ పైరోజు మళ్లీ పట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఖమ్మం నుంచి ఒక ఉపన్యాసకుడు దిగాడు. పరమాణువులు, తరంగాలు, ఆత్మ అన్నీ ఒకే గంగాళంలో కలిపి వడ్డిస్తూ, అయస్కాంతం ముంచిన నీళ్లు తాగితే చెదిరిన శరీర తరంగాలు కుదురుకుంటాయని చెప్పేవాడు. ఆ మాటలకు దాసుడైన మా అన్న, సర్కారు మనిషి ఇచ్చిన మలేరియా మాత్రలు వదినకు వేయకుండా దూలం మీద పెట్టేశాడు. జ్వరం విడిచిన రోజు నీళ్ల మహిమ అనేవారు, పట్టిన రోజు లోపలి విషం పోతోందనేవారు. నా అనుమానం అక్కడే మొదలైంది. ఎటు తిరిగినా గెలుపు ఆ ఉపన్యాసకుడిదే!

ఒకనాడు ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే, నేను నోరు తెరిచేలోపే గొంగడి కప్పుకుని కూర్చున్న వదిన అడిగేసింది. “సారూ, తగ్గితే నీ నీళ్ల గొప్ప, తగ్గకపోతే నా ఒంట్ల విషం. నువ్వు ఓడుడే లేదా ఏంది?”

“ఏందే, పెద్దమనిషితోని గట్లనా మాట్లాడేది?” అని అన్న కసిరాడు.

“సైన్సు లోతైందమ్మా, నీకు సమజ్ కాదు,” అన్నాడు ఉపన్యాసకుడు.

“అవ్, సమజ్ కానిది మా ఆయనకు చెప్పు, తలకాయ ఊపుతడు. నన్ను మాత్రం దవాఖానకు తోలుండ్రి.”

బండి కట్టక తప్పలేదు. దవాఖానలో డాక్టరు ఆమె రక్తపు చుక్కను గాజుపలక మీద చూసి మందులిచ్చి, జ్వరం తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు. తాను పొరబడి ఉండవచ్చునట, రక్తం మళ్లీ చూస్తాడట. పొరబాటుకు చోటు ఉంచిన ఆ మాటలోనే నాకు సైన్సు కనిపించింది. జ్వరం పోయింది. దీపావళి దాటాక ఆడపిల్ల పుట్టింది.

ఆనాటి బోధకుడు మన నులకమంచం మీదే కూర్చునేవాడు, మన ప్రశ్న వినక తప్పేది కాదు. నేటివాడు అందనంత దూరం నుంచి మాట్లాడి మాయమవుతాడు. జ్వరంతో వణుకుతూ కూడా నిలదీసే మనుషులు ఇళ్లలో తగ్గిపోయారని నాకు దిగులు. మీరు దిగులుతో సరిపెట్టుకోకండి. సైన్సు పేరెత్తిన ప్రతివాణ్ణీ అడగండి: ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు? జవాబు లేనివాడి చేతికి మీ ఇంటి రోగిని అప్పగించకండి.