తేడా గడి

తొంభైల నాటి మాట. చార్మినార్ దగ్గర సిటీ బస్సెక్కి, లేడీస్ సీట్లో కూర్చుని, మా వలసల ఆఫీసు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని సరిచూసుకుంటున్నాను. ఇక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్ళారని మనం చెప్పే సంఖ్య ఒకటి, వచ్చి చేరారని అక్కడివాళ్ళు చెప్పే సంఖ్య ఇంకొకటి. రెండూ ఏనాడూ కలిసిన పాపాన పోలేదు.

పక్కనున్నావిడ చాలాసేపు చూసి, "గివేం లెక్కలక్కా?" అంది. చెప్పాను.

"కలవకుంటే ఏం జేస్తరు?"

"చేరినవాళ్ళ లెక్కే నమ్ముతాం. మిగిలినవాళ్ళని తేడా అని ఈ గడిలో వేస్తాం."

ఆవిడ కాగితం మీదికి వంగింది.

"మా ఇంటాయన బొంబాయిల విమానమెక్కిండు. మూడేండ్లాయె. గాయన మా దగ్గరికి రానే రాలేదంటది అక్కడి కంపెనీ."

ఆవిడ ఆ గడి మీద వేలు పెట్టింది.

"అయితే ఆయన గిందుల ఉన్నట్టే గదా."

కిషన్‌బాగ్ వచ్చేదాకా వేలు తియ్యలేదు. దిగబోతూ వెనక్కి తిరిగి, "ఈ కాయితం జర పైలంగ పెట్టక్కా" అంది.

తేడా కనబడితే ఆఫీసుకు నామోషీ. అందుకే అచ్చుకు పంపే పట్టికలో ఆ గడి ఉంచరు. మర్నాడు దాన్ని నా చేత్తోనే కొట్టేశాను.