అన్నయ్య పలకరింపులు

మా అన్నయ్యకు నలభై దాటాయి. చిల్లర లెక్క రాదు, చొక్కా గుండీలు ఇప్పటికీ అమ్మే పెడుతుంది. కానీ తిరువూరు బస్టాండులో దిగిన ప్రతి మనిషినీ వరస కలిపి పలకరిస్తాడు. "బావగారూ, పత్తి తీతలయ్యాయా? అక్కయ్యకి ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే నిలబడతాడు. పిలుపు లేకపోయినా ఏ పెళ్ళి భోజనాల్లోనైనా అన్నయ్యకో ఆకు వేస్తారు. "ఎంత బాగా పెంచారండీ," అని అందరూ అమ్మతో అంటారు. ఆవిడకు జీవితంలో దక్కిన మెప్పు అదొక్కటే.

నేను మాత్రం మనిషి ఎదురుపడితే ఫోను చూసుకుంటాను. "వాణ్ణి చూసి నేర్చుకోరా" అనే మాట వింటూనే పెద్దవాణ్ణయ్యాను.

కిందటేడు అన్నయ్యను పన్ను పీకించడానికి తీసుకెళ్తే, పళ్ళ డాక్టరు బీపీ చూసి పన్ను ముట్టుకోలేదు. విజయవాడలో గుండె డాక్టరు గుండె కన్నా ముఖాన్నే ఎక్కువసేపు పరీక్షించి, జన్యువుల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ రక్తపరీక్ష చేయించి, ఫలితం వచ్చాక మా ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"దీన్ని విలియమ్స్ సిండ్రోమ్ అంటారండి. పుట్టకముందే క్రోమోజోములో చిన్న ముక్క ఊడిపోయింది. మీ తప్పేమీ లేదమ్మా. గుండె మాత్రం క్రమం తప్పకుండా చూపించాలి. కొత్తవాళ్ళతో బెరుకు లేకుండా మాట్లాడతారా?"

"తిరువూళ్ళో కొత్తవాళ్ళెవరున్నారండి?" అంది అమ్మ.

అలా అందరినీ పలకరించడం కూడా ఈ జబ్బు లక్షణమేనని డాక్టరమ్మ చెప్పింది. మా ఊరు దాన్ని ఇన్నేళ్ళూ మర్యాద అనుకుంది. మర్యాదగా ఉన్నాడని ఎవరినీ డాక్టరుకు చూపించరు కదా. నిజం చెప్పాలంటే నాకు లోలోపల కాస్త సంతోషమే కలిగింది. అది నేర్చుకుంటే వచ్చేది కాదన్నమాట.

ఈలోపు అన్నయ్య అక్కడి నర్సును పిన్నిని చేసేసుకున్నాడు.

"తప్పు నాది కాదన్నారు, సంతోషం," అంది అమ్మ. "మరి వాడి మంచితనం కూడా నాది కాదా అండి?"

డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంది. అమ్మ ముఖం చిన్నబోయింది.

"ఆవిడకేం తెలుసమ్మా, అదంతా నీ పెంపకమే," అన్నాను, డాక్టరమ్మ ముందే.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్ను పెంచిందీ నేనే కదరా," అంది.