నిచ్చెనక్క మూడు కిలోలు

ఫైర్ స్టేషన్‌లో ఆమెను అందరూ నిచ్చెనక్క అంటారు. పొడవాటి నిచ్చెన చివరిదాకా ఎక్కేది ఆమే. అన్నం కూడా గుమ్మానికి ఆనుకుని నిలబడే తినే మనిషి.

రెండో కాన్పు తర్వాత ఇక పిల్లలు వద్దనుకుని గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టింది. ఆరు నెలల్లో మూడు కిలోలు పెరిగింది. ఏటా జరిగే పరీక్షకు నెలే ఉంది. నీటి గొట్టం చుట్ట భుజాన వేసుకుని ఆరంతస్తులు తొంభై సెకన్లలో ఎక్కాలి. తప్పితే నిచ్చెన మీంచి దించేసి ఫోన్ల బల్ల దగ్గర కూర్చోబెడతారు. అది తలుచుకుంటేనే లేచి మెట్లవైపు నడుస్తుంది.

వాడిన గొట్టాన్ని ఆరబెట్టి తూకం వేయడం అక్కడి పద్ధతి. బరువు ఎక్కువుంటే లోపల నీళ్లున్నట్టే. మళ్లీ ఆరబెడతారు. ఒకరోజు ఆమె ఆ త్రాసు మీద నిలబడింది.

"నీళ్లు మిగిలాయక్కా, ఇంకా ఆరాలి!" అన్నాడు డ్రైవరు.

నవ్వేసింది గానీ మాట లోపల దిగబడింది. మాత్రలు మానేసింది. రాత్రి తిండీ మానేసింది. రెండు కిలోలు తగ్గి సంబరపడింది. సాధనలో మాత్రం నాలుగో అంతస్తుకే కళ్లు బైర్లు కమ్మాయి. నూట నాలుగు సెకన్లు.

ఆస్పత్రిలో నర్సుగా చేసే వదిన దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పింది.

"బరువు తగ్గాలని మాత్ర ఆపి, తొమ్మిది నెలల బరువు మోద్దామనా తల్లీ?"

"మాత్ర వల్లేగా వదినా లావయ్యింది!"

"కొందరికి కాస్త నీరు చేరుతుంది, కొందరికి ఏమీ ఉండదు. నీ సంగతి డాక్టరమ్మే చూడాలి. అయినా ఈ ఆర్నెల్లూ పరీక్ష కోసం అంతంత బరువులెత్తావు, అందులో కండెంతో త్రాసుకేం తెలుసు? నువ్వు గొట్టానివా ఆరేసుకోడానికి? ముందు తిను. డాక్టరమ్మ చూసేదాకా మీ ఆయన్ని జాగ్రత్తపడమను, మొయ్యడమంతా నీ వంతేనా?"

డాక్టరమ్మ పరీక్షించి వేరే రకం మాత్ర రాసింది. నిచ్చెనక్క అది వేసుకుని, మూడు పూటలా అన్నం తింటూ సాధన చేసింది.

పరీక్ష రోజు పొద్దున త్రాసు ఎక్కాలా వద్దా అని కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరిగింది. ఎక్కలేదు. గొట్టం భుజానికెత్తుకుంది. నాలుగో అంతస్తు దాటింది. ఊపిరి మండుతోంది, మోకాళ్లు మాత్రం మాట వింటున్నాయి.

"ఎనభై ఆరు!" కింద నుంచి అధికారి అరిచాడు. "నిచ్చెన నీదేనమ్మా, ఇక దిగు!"

"ఇంకోసారి ఎక్కనా సార్? కాళ్లిప్పుడే వేడెక్కాయి!"