బండల సందులో ఆక్టోపస్

నా చిన్నప్పుడు నాకు బొత్తిగా గిట్టని మనిషి మా పక్కింటి ముస్లిం ఆవిడ, అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే మనిషి. ఆమెకూ నేనంటే అంతే. నేనొక్కదాన్నే కాదు, మా ఇంటిల్లిపాదినీ చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. మమ్మల్ని తిట్టడానికి ఆమెకు ఫలానా కారణం అక్కర్లేదు, మేం కంటబడితే చాలు. అలాంటి మనిషి దగ్గర నేను పాఠం నేర్చుకున్నానన్న మాట మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎత్తడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు అమ్మా లేదు, ఖాలా లేదు. కాబట్టి చెబుతున్నాను.

మాది బేతంచెర్ల. మా నాయన బండల గనిలో పని చేసేవాడు. మా ఊళ్ళో గచ్చు బండలే, అరుగు బండలే, చివరికి దొడ్డి చుట్టూ కంచె కూడా నిలువుగా పాతిన బండలే. మా దొడ్డికీ ఖాలా దొడ్డికీ మధ్య అలాంటి వరుసే ఉండేది. ఒక వానాకాలం అందులో ఒక బండ విరిగితే నాయన కొత్తది తెచ్చి పాతాడు. అది తమ వైపు జానెడు జరిగిందని ఖాలా అంది. పాత గుంతలోనే పాతామని మేమన్నాం. మతం ఊసు ఆ గొడవలో ఏనాడూ రాలేదు, ఉన్నదంతా ఆ జానెడు నేల గొడవే. ఆ తర్వాత మా పొయ్యి పొగ ఆమె ఇంట్లోకి పోయినా తగువే, ఆమె కోళ్ళు మా దొడ్లోకి వచ్చినా తగువే. అమ్మ ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి 'ఆ పక్కామె' అనేది. ఆమె అటు నుంచి అమ్మను ఇంకేమనేదో ఇక్కడ రాయను.

ఖాలా టోపీలు అల్లేది. మసీదుకు పోయేటప్పుడు మగవాళ్ళు పెట్టుకునే తెల్లని దారపు టోపీలు. బండల నీడలో పీట వేసుకుని, కొక్కెం సూదితో పొద్దస్తమానం అల్లుతూనే ఉండేది. అమ్మతో పోట్లాడేటప్పుడు కూడా ఆ సూది ఆగేది కాదు. నోరు ఒక వైపు, చెయ్యి ఒక వైపు. చూడకూడదనుకుంటూనే నేను చూసేదాన్ని. కొత్త బండ పాతదానికంటే వెడల్పు తక్కువ కావడంతో పక్కన చెయ్యి పట్టేంత సందు మిగిలింది. ఆ సందులోంచి చూసేదాన్ని.

ఆ ఏడు మా బడికి కుట్లూ అల్లికలూ నేర్పే టీచరమ్మ కొత్తగా వచ్చింది. ఆమెది సముద్రం పక్క ఊరు. మా ఊరికి బదిలీ చేయడమే తనకు పెద్ద శిక్ష అన్నట్టుండేది. బండల ఫ్యాక్టరీల పొడి తన చీరల మీద పడుతోందని రోజూ విసుక్కునేది. మేము మా యాసలో 'ఉండాది' అంటే మూతి తిప్పేది. కానీ సముద్రం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె ముఖం మారిపోయేది. సెలవుల్లో కొందరు పిల్లల్ని తనతో తీసుకుపోయి సముద్రం చూపిస్తానని ఒక రోజు చెప్పింది. అయితే ఊరికే కాదు. క్రోషాతో, అంటే ఆ కొక్కెం సూదితోనే, ఏదైనా సముద్రపు జీవిని అల్లి తేవాలి. అల్లలేని వాళ్ళకు సముద్రంతో పనేముంది అంది.

మేము సముద్రం ఎక్కడ చూశాం? మాకు నీళ్ళంటే వీధి కొళాయి. అది వచ్చే వేళకు బిందెలు వరుసగా పెట్టి కాపలా కాయాలి. ఎటు చూసినా నీళ్ళే ఉండే చోటు ఒకటుందని వింటే నాకు నమ్మకం కలగలేదు. ఆ అపనమ్మకమే నన్ను పట్టి పీడించింది. ఒక్కసారి చూసి రావాలి. అది అబద్ధమైతే టీచరమ్మ ముఖం మీదే చెప్పాలి.

ఆమె నల్లబల్ల మీద గీసిన బొమ్మల్లో నేను ఆక్టోపస్‌ను ఎంచుకున్నాను. గుండ్రటి తల, ఎనిమిది కాళ్ళు, అంతేగా అనుకున్నాను. ఉచ్చులు వదులు వదులుగా వేసి, వచ్చినట్టు అల్లి, ఒక సంచీలాంటిది తయారు చేశాను. లోపల కూరడానికి దూది లేదు. మా ఊళ్ళో ఊరికే దొరికేది ఒక్కటే. పాలిష్ ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పడి ఉండే తెల్లటి బండపొడి. మెత్తగా ఉంటుంది, ఎవరూ అడగరు. దాన్ని దట్టంగా కూరి మూతి కుట్టేశాను. నిజంగానే చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

టీచరమ్మ దాన్ని చేతిలోకి తీసుకోగానే బరువుకు చెయ్యి కిందికి పోయింది. ఎత్తి చూసింది. వదులు కుట్ల లోంచి పొడి జలజలా రాలి ఆమె ఒళ్ళంతా పడింది. ఏ పొడినైతే ఆమె రోజూ శాపనార్థాలు పెడుతుందో అదే పొడి. తరగతి అంతా గొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు. "సముద్రంలో వేస్తే రాయిలా మునిగిపోతుంది. దానిలాగే నువ్వూ ఇక్కడే ఉండు," అంది. వచ్చే సోమవారం లోపల సరైనది తెస్తే సరి, లేదంటే నాకు సముద్రం లేదు.

ఇంటికొచ్చి దొడ్లో కూర్చుని ఏడ్చాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ. ఆ ముద్దను బండకేసి కొట్టాను. కొట్టినప్పుడల్లా పొడి లేచి నా కళ్ళలోనే పడింది. అమ్మ కొళాయి దగ్గర ఉంది. అప్పుడు సందులోంచి ఖాలా గొంతు వినిపించింది. ఏడుపు ఆపమని కాదు, ఆ పాడు అల్లిక తన కళ్ళబడుతుంటే తనకు కడుపులో తిప్పుతోందని. ముందు దాన్ని ఇటు పెట్టమంది.

ఎందుకు ఇచ్చానో ఇప్పటికీ తెలియదు. ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి, తేలా ఇది అని అడిగింది. ఆక్టోపస్ అన్నాను. అదేమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పొడి మొత్తం దులిపింది. తర్వాత దారం కొస పట్టుకుని లాగింది. నేను రెండు రోజులు కూర్చుని అల్లింది చూస్తుండగానే సర్రున ఊడిపోయింది. మా ఇంట్లో వస్తువు పాడవడమంటే బండ విరగడమే. గనిలో నాయన వేసే ఉలి దెబ్బ గతి తప్పితే బండ నిలువునా చీలుతుంది, ఇక అది గచ్చుకు పనికిరాదు, ఆ రోజు ఇంట్లో ఎవరూ నాయనతో మాట్లాడేవాళ్ళు కాదు. చెడిపోవడమంటే నాకు తెలిసింది అదే. నా పని నాశనం చేసిందని ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. మా అమ్మ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు కదా.

ఆమె అన్నీ విని, చేతికి చుట్టుకున్న దారాన్ని సందులోంచి నా ఒళ్ళోకి విసిరింది.

"చూసుకోమ్మే. దారం యాడికీ పోలా. అంతా ఈడనే ఉండాది. ఇది మీ నాయన బండ గాదు పగిలేదానికి."

ఆ మాట ఆమె ప్రేమగా అనలేదు. మా నాయన బండను ఎత్తిపొడవడానికే అంది. అందుకే కాబోలు నాకు అంతగా నాటుకుంది.

అలా మొదలైంది. అమ్మ నీళ్ళకు పోగానే నేను సందు దగ్గరికి పోయేదాన్ని. బండకు అటు ఆమె, ఇటు నేను. ఒకరికొకరం చేతులు తప్ప కనబడేవాళ్ళం కాదు. తనకు వచ్చింది టోపీ ఒక్కటేనని, నా పురుగు సంగతి నేనే చూసుకోవాలని ముందే చెప్పేసింది. టోపీ నడినెత్తి దగ్గర మొదలవుతుంది. దారాన్ని వేలికి చుట్టి చిన్న ఉచ్చు, ఆ ఉచ్చులో ఆరు కుట్లు, ఉచ్చు బిగించి మూయడం. తర్వాతి వరసలో కిందటి కుట్టు మీద ఉండే ఒక్కో కంట్లో రెండేసి కుట్లు. అలా పెంచుతూ పోతే చక్రంలా పరుచుకుంటుంది. చాలినంత వెడల్పయ్యాక పెంచడం ఆపి కంటికొకటి అల్లితే గోడలా కిందికి దిగుతుంది. నా కుట్టు వదులుగా కనబడితే కొస పట్టుకుని లాగేసేది. ఆమె గోరు ఆ కుట్ల మధ్య దూరకపోతేనే అది అల్లిక. దూరితే మళ్ళీ మొదటికి. ఎన్నిసార్లు లాగిందో, నేను ఎన్నిసార్లు పళ్ళు కొరికానో. చెయ్యి బండలా బిగదీసుకున్నానని ఒకసారి సూదితో నా వేలి మీద కొట్టింది కూడా.

టోపీ అయితే వచ్చింది గానీ టోపీకి మూత ఉండదు. ఆమె జీవితంలో ఏ టోపీనీ మూయలేదు. అక్కడ ఇద్దరం ఆగిపోయాం. పెంచేటప్పుడు ఒక కంట్లో రెండు వేశాం కదా, ఇప్పుడు రెండు కళ్ళ మీద ఒకటి వేస్తే అని నేను నసిగాను. ఆమె చేసి చూసింది. అంచు లోపలికి ముడుచుకుంది. "ఊఁ," అంది. ఆమె నన్ను మెచ్చుకున్నది మొత్తం అంతే.

కాళ్ళకు గొలుసు అల్లి, ఆ గొలుసు మీద ఒక్కో కంట్లో రెండు మూడు కుట్లు వేస్తే అవి వాటంతటవే మెలికలు తిరిగాయి. ఆ మెలికలు చూసి నేను బిగ్గరగా నవ్వితే నోరు మూసుకోమంది. కూరడానికి మళ్ళీ బండపొడి తెస్తానేమోనని భయపడినట్టుంది, సందులోంచి గుప్పెడు దూది తోసింది. పాత దూది, తలనూనె వాసన. తన దిండులోదే అయ్యుంటుంది. మీ అమ్మకు చెబితే చెయ్యి విరుస్తానని మాత్రం అంది.

చెప్పనక్కర్లేకపోయింది. ఆదివారం సాయంత్రం అమ్మ ఆ బొమ్మను గూట్లో చూసి, తీసి, గోరుతో కుట్ల మధ్య గుచ్చి చూసింది. గోరు దూరలేదు. బండల వైపు ఒకసారి చూసింది. దాన్ని విసిరికొడుతుందనుకున్నాను, మళ్ళీ గూట్లోనే పెట్టింది. నేను సముద్రానికి పోవాలని అమ్మకూ ఉందని అప్పుడే నాకు తెలిసింది.

సోమవారం టీచరమ్మ ఆక్టోపస్‌ను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు దులిపింది. ఏమీ రాలలేదు. అందుకు కొంచెం నిరాశపడినట్టు కూడా కనిపించింది. సరే, నువ్వూ రా అంది.

పోయే ముందు రోజు సందు దగ్గరికి వెళ్ళి చెప్పాను. సంతోషించిందో లేదో బండకు అటు వైపు ఉన్న ముఖం నాకెలా తెలుస్తుంది? "అంత నీళ్ళు నిజంగా ఉండాయో, ఆమె కోతలు కోస్తాందో చూసొచ్చి చెప్పు," అంది. ఆమెకూ నాలాగే నమ్మకం లేదన్నమాట.

సముద్రం ఉంది. దాన్ని చూసి అందరూ కేరింతలు కొట్టారు. నాకు మాత్రం మండిపోయింది. మా వీధిలో ఒక్క బిందె కోసం జుట్లు పట్టుకుంటుంటే ఇన్ని నీళ్ళు ఇక్కడ ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉన్నాయే అని. తాగి చూశాను. ఉప్పు. ఆ కోపం చెప్పుకోవడానికి నాకు తెలిసిన మనిషి ఖాలా ఒక్కతే అనిపించింది. దారి పొడవునా ఆమెకు ఏమేం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను.

ఇంటికొచ్చి సంచీ పడేసి దొడ్లోకి పరిగెత్తాను. సందు లేదు. నేను లేని రోజుల్లో నాయన దాన్ని సిమెంటుతో పూడ్చేశాడు. పూడ్పించింది అమ్మేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. బొమ్మను సహించింది, దారిని సహించలేకపోయింది. సిమెంటు ఇంకా పూర్తిగా ఆరలేదు. దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. వెనక అమ్మ గిన్నెలు తోముతోంది. వింటే విననీ అనుకుని గొంతు చించుకుని అరిచాను, సముద్రం ఉండాదని, శానా ఉండాదని, ఉప్పగా ఉండాదని.

అమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగింది. బండకు అటు నుంచి ఆ పాత గొంతే వచ్చింది.

"అరవాకు మే. నాకేం చెవుడు లేదు."

అమ్మ మళ్ళీ గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

ఆ రెండిళ్ళ మధ్య మాటలు ఆ తర్వాత కూడా కలవలేదు. ఎవరి పంతం వాళ్ళతోనే పోయింది. నాకూ అమ్మ రక్తమే, వాళ్ళిద్దరి నోరే వచ్చాయి. నా బతుకులో నేను తెంచుకున్న మాటలు తక్కువేమీ కాదు. తోబుట్టువుతో, కోడలితో, ఎదురింటావిడతో, ప్రతిసారీ బండ చీలిపోయిందనే అనుకున్నాను. కోపం కాస్త దిగాక మాత్రం, దారం యాడికీ పోలా అన్న ఖాలా గొంతు వినబడుతుంది. మొన్న మనవరాలు ఫోనులో చూస్తూ ఆక్టోపస్ అల్లబోయి, చెడిపోయిందని నా మీద ఎగిరి సూది విసిరేసింది. కొస పట్టుకుని లాగి, దారమంతా దాని ఒళ్ళో పడేశాను. అది నన్ను తిట్టుకుంటూనే మొదటి ఉచ్చు వేసింది. నేనూ అంతే. నవ్వుతూ ఏమీ కాదు, మూతి ముడుచుకునే పోతాను, కానీ పోయి ఎదురింటావిడ తలుపు కొడతాను.