దుప్పులకు నేను వేసిన పెండ్లి బంతి

చేతికందబోయిన కొలువును ఆకుల్లో చుట్టి దుప్పుల నోటికి అందించిన మొనగాడు భూపాలపల్లి జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. మీరు చదువుతున్నది ఆయన స్వహస్తంతో రాసిందే. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత ఊపిరాడదు.

కొట్టేసిన అడవిలో అటవీశాఖ వాళ్లు మళ్లీ మొక్కలు నాటిస్తున్న రోజులవి. నాకో నేల చెక్క, మా అక్క మొగుడు మల్లయ్య బావకో చెక్క అప్పగించారు. ఎవరి మొక్కలు బతికితే వాళ్లకే వాచర్ కొలువు. ఉన్నది ఒక్కటే.

బావ కూర్చుంటే లేవడానికి ముహూర్తం చూసే మనిషి. చెక్క నిండా మొలిచిన పరికి ముళ్లకంప నరకాలంటే ఆయనకు నడుము నొప్పి. అందుకే కంపల సందుల్లోనే గుంతలు తీసి, ఉసిరి మొక్కల్ని వాటిల్లో దూర్చి, తువ్వాల పరుచుకుని పడుకున్నాడు.

"ఏంది బావా, మొక్కలు నాటినవా, దాచిపెట్టినవా?"

"బతికేదుంటే ఏడ నాటినా బతుకుతది తియ్‌రా బామ్మర్దీ. జర ఆ నీళ్ల సీసా ఇటియ్యి."

నేనలా కాదు. నా చెక్కలో కంపంతా నరికి, కాలబెట్టి, నేలను పెళ్లికొడుకు చెంపలా నున్నగా చేశాను. తాడు కట్టి వరుసలు తీశాను. నర్సరీలో ఎరువు తిని బలిసిన మొక్కల్నే ఏరి తెచ్చి, పొద్దూమాపూ నీళ్లు పోశాను. గోంగూర కూడా సిగ్గుపడేంత లేతగా చిగుర్లేశాయి. అది చాలక, ఒక్కో మొక్క చుట్టూ సున్నంతో గుండ్రంగా ముగ్గు!

బావ ఒక కన్ను తెరిచాడు. "గిది ప్లాంటేషనా, పెండ్లి బంతా?"

"కుళ్లకు బావా. రేపు రేంజర్ సార్ వస్తుండు. నాకు కొలువు, నీకు సెలవు."

కంచే చేను మేసిందని లోకం ఏడుస్తుంది. నేను కంచెను నరికి, కాల్చి, ఆ బూడిద మీదుగా దుప్పులకు దారి వేశాను. తెల్లారి సార్‌ను తీసుకెళ్లేసరికి ఒక్క ఆకు లేదు. అన్నీ పుల్లలే, వరుస మాత్రం తప్పలేదు. చివరి వరుసలో ఒక దుప్పి ఇంకా భోంచేస్తోంది. మమ్మల్ని చూసి, 'పెరుగు రాలేదేం?' అన్నట్టు ముఖం పెట్టి వెళ్లిపోయింది.

"ఏందయ్యా, అగరొత్తులు గుచ్చినవా?"

"నిన్న మాపటిదాక పచ్చగనే ఉండె సార్..."

"చుట్టున్న కంపేది?"

"సాఫ్ చేసిన సార్! అద్దం లెక్క!" అప్పటికీ నాకు గర్వమే.

సార్ బావ చెక్కలోకి వెళ్లి కర్రతో కంప పక్కకు జరిపాడు. ముళ్ల నడుమ మొక్క. ఇంకో పొద జరిపాడు. మరో మొక్క, ఆకు చెదరకుండా.

"శభాష్! దుప్పి మూతి పెట్టలేని జాగల నాటినవ్. గీ ఉపాయం ఎట్ల తోచింది మల్లయ్యా?"

బావ తువ్వాల దులిపి లేచాడు. "నడుము నొచ్చి తోచింది సార్."

సార్ దాన్ని వినయమనుకున్నాడు. పెద్దవాళ్ల కంటపడితే బద్ధకం కూడా పద్ధతైపోతుంది, ఏం చేస్తాం! కొలువు బావకిచ్చారు. పైగా ఆ పద్ధతి కూలీలందరికీ నేర్పమన్నారు. ఆయన కూర్చుని పాఠం చెప్పడానికి కుర్చీ మోసుకెళ్లింది నేనే.

అందుకే అడవిలోని పరికి ముళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ పనీ శుభ్రంగా చేయను, చేయను, చేయను!

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ చాటలోని బియ్యం మీంచి తలెత్తలేదు.

"ఇన్నేండ్ల సంది ఏడ చేసినవని?"